ఏ తలుపు తట్టాలి?

మన ఇళ్లలో ‘గవర్నమెంటు’ అన్న మాట ఎప్పుడూ ఏకవచనంలోనే వినిపిస్తుంది. రేషను బియ్యం గవర్నమెంటు ఇచ్చింది. హజ్ దరఖాస్తు గవర్నమెంటుకు పంపాము. మస్జిదుకు దగ్గరలో మద్యం దుకాణానికి గవర్నమెంటు అనుమతి ఇచ్చింది. వీధి దీపం వెలగకపోతే గవర్నమెంటు పట్టించుకోలేదు. ఇన్ని పనులనూ ఒకే కర్తకు అంటగట్టి, అతడు ఎక్కడో దూరాన ఉన్నాడని నిట్టూర్చి ఊరుకుంటాము. ఒకే రాజు, ఒకే కోట ఉన్న కాలంలో ఈ మాట సరిపోయేది. 1950 జనవరి 26 నుంచి మనం ఏ రాజ్యాంగం కింద జీవిస్తున్నామో ఆ రాజ్యాంగం అధికారాన్ని ఒక్క చేతిలో పెట్టలేదు. దానిని పంచి, ఎవరి వంతు ఎంతో రాసి, ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలో కూడా నిర్ణయించింది.

ఫిఖ్‌హ్ పాఠాలలో అమానతు ప్రకరణం చెప్పేటప్పుడు విద్యార్థులకు ఒక సూత్రం నేర్పుతాము. సొమ్ము ఎవరి దగ్గర దాచామో అతడే అమీను. తిరిగి అడగవలసినది అతడినే. అమీను ఇంటికి వెళ్లకుండా అతని పొరుగువాని గుమ్మంలో నిలబడి ఎంత మొరపెట్టుకున్నా సొమ్ము రాదు, పొరుగువానిని నిందించే హక్కు కూడా మనకు ఉండదు. పాలన విషయంలో మన సముదాయం తరచుగా పొరుగువాని గుమ్మంలోనే నిలబడుతున్నది. ఈ సంగతి వంశధార ఒడ్డున ఒక చిన్న పల్లెలో నాకు ప్రత్యక్షంగా కనిపించింది.

ఆ పల్లె శ్రీముఖలింగానికి దిగువన ఉంది. పేరుతో పనిలేదు. అక్కడ మన ఇళ్లు పట్టుమని పన్నెండు లేవు. నది ఒడ్డున తరతరాల ఖబరస్తాన్ ఉంది. వరద వచ్చిన ప్రతి ఏడూ గట్టు కొంత కోసుకుపోతూ వచ్చింది. ఒక జనాజా నమాజుకు నేను వెళ్లినప్పుడు, నదికి దగ్గరగా ఉన్న ఖబర్ల వరుసకూ గట్టు అంచుకూ మధ్య దూరం పది అడుగులకు మించి లేదు. ఒక వృద్ధుడు నా చేయి పట్టుకొని అక్కడికి తీసుకువెళ్లి, “మౌల్వీసాబ్, మా అమ్మ ఈ వరుసలోనే ఉంది. వచ్చే వరదకు ఉంటుందో ఉండదో” అన్నాడు. అప్పటికే ఆ ఊరివారు నాలుగేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. ప్రధానమంత్రికి ఒకటి రాశారు. ఎన్నికల సభకు వచ్చిన నాయకునికి ఒకటి ఇచ్చారు. ఒక కార్యాలయంలో ఇచ్చిన కాగితం మరో కార్యాలయానికి పోయి, అక్కడి నుంచి ‘మా పరిధిలోనిది కాదు’ అన్న ముద్రతో తిరిగి వచ్చింది. ఆ ముద్రను వారు అవమానంగా భావించారు. నాకు మాత్రం అది ఒక సమాచారంగా తోచింది. పరిధి ఎవరిదో తెలుసుకోమని ఆ కాగితం చెబుతున్నది.

శ్రీముఖలింగం ఈ పాఠానికి తగిన చోటు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు ఎక్కువమంది అంగీకరించారు. ఈ ఊరి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు ఇక్కడి శాసనాలను స్వయంకృషితో చదవడం నేర్చుకొని ఆ నిర్ణయానికి ఆధారాలు చూపినవారిలో ఒకరు. భూమి దానమివ్వాలన్నా, పన్ను మాఫీ చేయాలన్నా, తీర్పు చెప్పాలన్నా ఆనాడు అడగవలసిన ద్వారం ఒక్కటే. అనంతవర్మ చోడగంగదేవుని కాలంలో రాజధాని కటకానికి తరలిపోయింది. రాజుతోపాటు ఆ ద్వారమూ తరలిపోయింది. తరువాత గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో శ్రీకాకుళం ఒక సర్కారుకు కేంద్రమైంది. పట్టణంలోని జామియా మస్జిదు ఆ కాలపు గుర్తే. అటు తరువాత కంపెనీవారు, మద్రాసు ప్రెసిడెన్సీ. ఏలినవారు మారారు కాని, అధికారం పైనుంచి కిందికి ప్రవహించే తీరు మారలేదు.

ఇప్పుడు అదే శ్రీముఖలింగాన్ని చూడండి. జలుమూరు మండలంలోని ఆ ఊళ్లో ఉన్న ప్రాచీన ఆలయ కట్టడాన్ని కాపాడేది కేంద్ర ప్రభుత్వానికి చెందిన భారత పురావస్తు సర్వేక్షణ శాఖ. అక్కడి కట్టడంలో ఒక రాయి కదిలించాలన్నా వారి అనుమతి కావాలి. అదే ఆలయ నిర్వహణ చూసేది రాష్ట్ర దేవాదాయ శాఖ. ఆలయం ముందు వీధిని ఊడ్పించేది గ్రామ పంచాయతీ. ఊరి పక్కన పారే నది మీద మాట చెప్పవలసినవి రెండు రాష్ట్రాలు, వారికి తగువు వస్తే ఒక ట్రిబ్యునలు. ఒకే ఊరు, ఒకే ఓటరు. శాసనసభకు నరసన్నపేట నియోజకవర్గంలో ఓటు వేస్తాడు, లోక్‌సభకు శ్రీకాకుళం నియోజకవర్గంలో వేస్తాడు, పంచాయతీకి తన వార్డులో వేస్తాడు. మూడు ఓట్లు మూడు వేర్వేరు అమానతులు. దీనినే సమాఖ్య వ్యవస్థ అంటారు.

ఎవరి వంతు ఏమిటో రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలుగా ఉంది. మొదట రాసినప్పుడు కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. తరువాత కొన్ని మారాయి. ఉదాహరణకు విద్య 1976 నాటి 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. ఉమ్మడి జాబితాలోని విషయం మీద పార్లమెంటూ శాసనసభా రెండూ చట్టం చేయవచ్చు. రెండూ ఢీకొంటే సాధారణంగా పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. ఏ జాబితాలోనూ లేని విషయం పార్లమెంటుకు చెందుతుంది.

ఈ జాబితాలు పుస్తకాలలో పొడిగా కనిపిస్తాయి. ఒక ముస్లిం కుటుంబపు జీవితాన్ని పక్కన పెట్టుకొని చదివితే ప్రాణం వస్తుంది. దేశం వెలుపలి పుణ్యక్షేత్రాలకు యాత్ర కేంద్ర జాబితాలో ఉంది. కాబట్టి హజ్ మీద చట్టం చేసేది పార్లమెంటు. 2002 నాటి హజ్ కమిటీ చట్టం కింద కేంద్ర కమిటీ, దానితో కలిసి పనిచేసే రాష్ట్ర కమిటీలు ఏర్పడ్డాయి. పాస్‌పోర్టు, రైలు, తపాలా, కరెన్సీ కూడా కేంద్రానివే. పోలీసు, శాంతిభద్రతలు, వైద్యం, భూమి, మద్యం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మస్జిదు దగ్గరి మద్యం దుకాణం గురించి ఢిల్లీకి రాసిన ఉత్తరం ఎందుకు ఫలించదో దీనినిబట్టి తెలుస్తుంది. పెళ్లి, తలాఖ్, వారసత్వం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ధార్మిక ధర్మాదాయాలు కూడా అందులోనే. అందుకే వక్ఫ్ చట్టం పార్లమెంటు చేసినదైనా వక్ఫ్ బోర్డు రాష్ట్రానిది. 2025లో ఆ చట్టానికి చేసిన సవరణల మీద వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ సెప్టెంబరులో న్యాయస్థానం కొన్ని నిబంధనలను తాత్కాలికంగా నిలిపివేసింది. చట్టం చేసిన సభ ఒకటి, అమలు చేసే బోర్డు మరొకటి, తూకం వేసే న్యాయస్థానం ఇంకొకటి.

ఇక ఖననం, ఖననభూములు ఎక్కడ ఉన్నాయి? రాష్ట్ర జాబితాలో 10వ అంశంగా ఉన్నాయి. ఆ పల్లెవారు నాలుగేళ్లు ఢిల్లీ వైపు చూశారు. వారి అమానతు అమరావతి పరిధిలో ఉంది. అందులోనూ మొదటి మెట్టు వారి మండల కేంద్రంలోనే ఉంది.

కాని వారి కష్టానికి కారణం నది కదా అని మీరు అడగవచ్చు. నది కథ మరింత పెద్దది. వంశధార ఒడిశా కొండలలో పుట్టి, ఆంధ్రలో ప్రవేశించి, హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీని దాటి, శ్రీముఖలింగం మీదుగా కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడక ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాగా ఉండేది. ఆ రోజున పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలోకి వెళ్లింది, చుట్టుపక్కల ఎస్టేటు గ్రామాలు కొన్ని మద్రాసులో మిగిలాయి. ఆ విభజనకు నొచ్చుకున్న గిడుగువారు తన జీవితంలో ఎక్కువ కాలం గడిపిన పర్లాకిమిడిని విడిచి రాజమండ్రికి వెళ్లిపోయారు. మనుషులు ఊరు మారగలరు, నది మారలేదు. పైభాగం ఒక ప్రభుత్వం కింద, కింది భాగం మరొక ప్రభుత్వం కింద నిలిచిపోయింది.

నీరు ప్రధానంగా రాష్ట్ర జాబితాలోని విషయమే అయినా, రెండు రాష్ట్రాల నదుల నియంత్రణ విషయంలో కేంద్రానికి అధికారం ఉంది. తగాదా తీర్చడానికి 262వ అధికరణం, దాని కింద 1956లో చేసిన అంతర్‌రాష్ట్ర నదీ జలవివాదాల చట్టం ఉన్నాయి. వంశధార నీటిని చెరి సగం పంచుకుంటామని 1962లోనే ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా ఒప్పుకున్నాయి. నేరడి బ్యారేజీ, కాట్రగడ్డ వద్ద పక్కకాలువ మీద అభ్యంతరాలు వచ్చి ఒరిస్సా 2006లో కేంద్రానికి ఫిర్యాదు చేసింది. 2010లో ట్రిబ్యునలు ఏర్పడింది. 2017 సెప్టెంబరు 13న తీర్పు ఇచ్చింది. చెరి సగం అన్న సూత్రం నిలిచింది, నేరడికి షరతులతో అనుమతి వచ్చింది. అయినా ముంపు భూములు పొరుగు రాష్ట్రంలో ఉన్నందున ఇంకా మాటలు కావలసి వచ్చి, 2021 నవంబరులో ఆంధ్ర ముఖ్యమంత్రి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ముఖ్యమంత్రితో సమావేశమయ్యారు. ఇద్దరు ముఖ్యమంత్రులలో ఎవరూ ఎవరికీ లోబడినవారు కారు. ప్రధానమంత్రి కూడా ఒకరి నీటిని తీసి మరొకరికి తానుగా ఇచ్చివేయలేరు. ఈ వ్యవస్థ నిదానంగా నడుస్తుందని నేను కాదనను. ఒప్పందానికీ తీర్పుకూ మధ్య 55 సంవత్సరాలు గడిచాయి. కాని అంత కాలంలోనూ ఈ రెండు తీరాల రైతులు కర్రలు పట్టుకొని సరిహద్దు దాటలేదు, కాగితాలు పట్టుకొని న్యాయాధిపతుల ఎదుట నిలబడ్డారు. నిదానానికి మనం చెల్లించిన వెల ఎంతో, దానికి ప్రతిఫలంగా పొందిన శాంతి ఎంతో రెండూ లెక్కించాలి.

సరిహద్దుల విషయంలో ఇంకొక సంగతి మన పిల్లలకు తెలియాలి. మన సమాఖ్య అమెరికా సమాఖ్య వంటిది కాదు. అక్కడ ఒక రాష్ట్రం సమ్మతి లేకుండా దాని భూమిని చీల్చి కొత్త రాష్ట్రం చేయరాదు. ఇక్కడ 3వ అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీతో రాష్ట్రాల ఎల్లలు మార్చగలదు. శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతే. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, అదే సంవత్సరం జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. జిల్లాల ఎల్లలు మాత్రం రాష్ట్రం చేతిలోనివి. 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళం జిల్లా నుంచి 2022 ఏప్రిల్‌లో కొంత భాగం పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. దానికి ఢిల్లీ అనుమతి అవసరం లేకపోయింది. రాష్ట్రపు గీత ఒకరిది, జిల్లా గీత మరొకరిది.

ఇంతవరకు చెప్పినది అధికారపు పంపకం. పార్లమెంటరీ పద్ధతి అన్నది వేరే సంగతి. పంచిన అధికారాన్ని వాడేవారు ప్రతి రోజూ ఎవరికి జవాబు చెప్పాలన్నది అది నిర్ణయిస్తుంది. కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు, రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. రాష్ట్రపతి, గవర్నరు పేరు మీద పాలన నడిచినా, సభ విశ్వాసం పోయిన మంత్రివర్గం ఒక్క రోజు కూడా హక్కుగా నిలవలేదు. ఇందుకు సాక్ష్యాలు మన పరిసరాల్లోనే ఉన్నాయి. 1954 నవంబరులో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధం వివాదం మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో 269కి 270 ఓట్లతో ఓడిపోయింది. ఆనాడు వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో మనకు పొరుగున ఉన్న కోరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఉన్నారు. ఆయన అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి. లోక్‌సభ సభ్యత్వానికి ఇంకా రాజీనామా చేయలేదు. మన్యపు కొండల నుంచి వెళ్లిన ఒక ఓటు ఢిల్లీ గద్దెను కదిలించింది. 1984 ఆగస్టులో గవర్నరు ఎన్.టి. రామారావుగారిని పదవి నుంచి తొలగించినప్పుడు, తెలుగునాడంతా కోరినది ఒక్కటే, బలం సభలో తేల్చమని. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలాబలాలు తేలవలసినది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్థిరపరచింది.

మన ధార్మిక విద్యకు ఈ భావం పరాయిది కాదు. దివ్య ఖుర్ఆన్‌లో 42వ సూరాకు పేరే ‘షూరా’. సంప్రదింపుల ద్వారా వ్యవహారాలు నడుపుకోవడం అందులో విశ్వాసుల లక్షణాలలో ఒకటిగా ఉంది. ఉహుద్ సమయంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలని భావించినా, సహచరులలో ఎక్కువమంది అభిప్రాయాన్ని మన్నించి బయలుదేరారు. హుదైబియాలో హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహాను స్వీకరించారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫాగా తొలి ప్రసంగంలోనే, తాను తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరారు. పార్లమెంటరీ వ్యవస్థా ఖిలాఫతూ ఒకటేనని నేను అనడం లేదు. వాటి మూలాలు వేరు, ప్రమాణాలు వేరు. కాని అధికారి ప్రశ్నకు అతీతుడు కాడన్న మాట మనకు బయటి నుంచి వచ్చినది కాదని మాత్రం మన పిల్లలు గుర్తుంచుకోవాలి.

ఇక ఆ పల్లెలో ఏం జరిగింది? జుమా నమాజు తరువాత నలుగురు పెద్దలము కూర్చొని ఒక్క అర్జీని నాలుగు అర్జీలుగా విడదీశాము. ఖబరస్తాన్ ఎల్లలు కొలిపించి రాళ్లు వేయించమని తహసీల్దారుకు ఒకటి. ఆ భూమి వక్ఫ్ లెక్కలలో ఉన్నదో లేదో ధ్రువీకరించమని వక్ఫ్ బోర్డుకు ఒకటి. నదిగట్టుకు రక్షణ కోరుతూ రాష్ట్ర జలవనరుల శాఖకు ఒకటి. దారి, కంచె విషయమై గ్రామ పంచాయతీకి ఒకటి. ప్రతి కాగితంలోనూ ఆ కార్యాలయం చేయగల పని ఒక్కటే అడిగాము. శాసనసభ్యునికి నాలుగింటి నకళ్లూ ఇచ్చి, గట్టు పనికి నిధుల సంగతి ప్రభుత్వంతో మాట్లాడమని కోరాము. ఆ పని అడగవలసిన సభలో కూర్చునేది ఆయనే కనుక.

పంచాయతీ సర్పంచి అర్జీ చదివి, “గ్రామసభలో తీర్మానం పెడదాం మౌల్వీగారూ. అందరూ ఒప్పుకుంటే నా చేతికి బలం వస్తుంది” అన్నారు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన తరువాత గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది. ఊరి ఓటర్లందరూ అందులో సభ్యులే. కేంద్రం, రాష్ట్రం తరువాత ఇది మూడవ అంతస్తు. మనవారు గ్రామసభకు వెళ్లడం అరుదు. ఆ రోజు ఆడవారితో సహా అన్ని ఇళ్లవారూ వచ్చారు. అయినా ఆ సభలో మన చేతులు లెక్కకు చాలవు. తీర్మానం చదివాక క్షణకాలం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలి రైతు లేచి, “నది ఈ ఏడు ఆళ్ల సమాధులు తింతాది, పై ఏడు మన శ్మశానం తింతాది. సూత్తా ఊరుకుంటామేటి?” అన్నాడు. చేతులు లేచాయి. తీర్మానం ఏకగ్రీవమైంది.

సర్వే జరిగి హద్దు రాళ్లు పడ్డాయి. పంచాయతీ నిధులతో దారి బాగుపడింది. ఆ నిధులలో ఒక భాగం ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్రం నుంచి వచ్చేదే. గట్టు పని ఇంకా కాలేదు. అంచనాలు పంపామని చెప్పారు. మేము ప్రతి మూడు నెలలకు ఒకసారి అదే తలుపు తడుతున్నాము. ఇప్పుడు కనీసం ఎవరిని అడగాలో, ఏమి అడగాలో ఆ ఊరివారికి తెలుసు.

సంఖ్యాబలం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో మనవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ప్రజాస్వామ్యమంటే మెజారిటీ పాలన మాత్రమే అయితే మనకు ఇక్కడ చోటు ఉండదు. రాజ్యాంగం మెజారిటీకి పాలించే అధికారం ఇచ్చి, దాటరాని గీతలు కూడా గీసింది. మత స్వేచ్ఛకు 25, 26 అధికరణాలు, మన భాషకూ విద్యాసంస్థలకూ 29, 30 అధికరణాలు ఉన్నాయి. నేను పాఠం చెప్పే మదరసా నిలిచి ఉన్నది ఏ మంత్రి దయ మీదా కాదు, 30వ అధికరణం మీద. ఆ గీతలు దాటినవారిని హైకోర్టుకు 226 కింద, సుప్రీంకోర్టుకు 32 కింద పిలవవచ్చు. అలాగని న్యాయస్థానం ఎప్పుడూ మన పక్షానే నిలవాలని ఆశించరాదు. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషను ఇస్తూ 2007లో మన రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఆ బి.సి.-ఇ సర్టిఫికెట్టుతో ఇంజనీరింగులోనో వైద్యవిద్యలోనో చేరిన మన పిల్లల వెనుక ఒక శాసనసభ, ఒక హైకోర్టు, ఒక సుప్రీంకోర్టు నడిచిన దారి ఉంది. ఆ పత్రాన్ని బీరువాలో దాచుకునే తల్లిదండ్రులు ఆ దారిని కూడా పిల్లలకు చెప్పాలి.

ఇతర దేశాలలో ఈ పంపకం ఎలా ఉందో చూస్తే మనది మరింత స్పష్టమవుతుంది. ఒకనాడు ఈ కళింగ తీరం నుంచి ఎందరో తెలుగువారు కూలీలుగా మలయా తోటలకు వెళ్లారు. నేటి మలేసియా కూడా సమాఖ్య, పార్లమెంటరీ దేశమే. అక్కడ తొమ్మిదిమంది వంశపారంపర్య పాలకులు తమలో ఒకరిని ఐదేళ్ల కాలానికి రాజుగా ఎన్నుకుంటారు. ఇస్లామీయ ధార్మిక వ్యవహారాలు చాలావరకు రాష్ట్రాల జాబితాలో ఉంటాయి. ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న దేశమైనా ధర్మ వ్యవహారాలను ఒకే కేంద్రం చేతిలో పెట్టలేదు. మనదేశంలో 1946 నాటి చర్చలలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ కూడా రక్షణ, విదేశాంగం, రవాణా సంబంధాలు మాత్రమే కేంద్రానికి ఉంచి మిగిలినవి రాష్ట్రాలకు వదిలే ఏర్పాటును సమర్థించారు. దేశ విభజన తరువాత రాజ్యాంగసభ బలమైన కేంద్రాన్ని ఎంచుకుంది. పంపకం ఏ నిష్పత్తిలో ఉండాలన్న చర్చ ఈనాటికీ ముగియలేదు. పన్నులలో పంచదగిన మొత్తం నుంచి రాష్ట్రాలకు 41 శాతం ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెబితే, చాలునా చాలదా అని నేటికీ వాదిస్తున్నారు. ఆ వాదనలో మాట కలపాలంటే ముందు లెక్క తెలియాలి.

అందువల్ల తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటి. ఇంట్లో పిల్లలు పెద్దవారవుతున్నప్పుడు తమ వార్డు సభ్యుడెవరో, సర్పంచి ఎవరో, శాసనసభ్యుడెవరో, పార్లమెంటు సభ్యుడెవరో చెప్పించండి. ఆ పేర్ల ఎదుట ఏ పని ఎవరిదో రాయించండి. గ్రామసభ జరిగే రోజున తండ్రితోపాటు తల్లి కూడా వెళ్లాలి. స్థానిక సంస్థలలో సగం పదవులు మహిళలకే ఉన్న రాష్ట్రం మనది. అక్కడ మన స్త్రీల గొంతు వినిపించకపోతే ఆ లోటు మనదే అవుతుంది. ఓటు వేయడానికి వెళ్లేటప్పుడు ఏ అమానతును ఎవరికి అప్పగిస్తున్నామో తెలిసి అప్పగించాలి. అమానతులను అర్హులకే చేర్చమని దివ్య ఖుర్ఆన్ నాల్గవ సూరాలో ఆదేశం ఉంది. అర్హుడిని ఎంచాలంటే, అతడు చేయవలసిన పని ఏదో ముందు మనకు తెలియాలి. ఈ వ్యవస్థలో పౌరుడు తట్టవలసిన తలుపులు చాలా ఉన్నాయి. తెలియనివానికి అది చిక్కుముడి. తెలిసినవానికి, ఒక తలుపు మూసుకున్నప్పుడు మరొకటి ఉన్నదన్న ధైర్యం. అల్లాహ్ మనకు ఆ తెలివినీ, తెలిసిన తరువాత విసుగు లేకుండా తట్టే ఓర్పునూ ప్రసాదించుగాక. ఆమీన్.